కేబుల్ తీసేద్దామని మావారు, వద్దని అత్తయ్య. మీ ఇళ్ళల్లో ఏం చేశారు?

తార్నాకమ్మాయి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొన్నాళ్ళుగా ఇదే పంచాయితీ. ఫైబర్ ఇంటర్నెట్ ఉంది, హాల్లో స్మార్ట్ టీవీ ఉంది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, జియోహాట్‌స్టార్, ఆహా నాలుగూ ఉన్నాయి. ఇవి కాక కేబుల్‌కి నెలకి 380 కడుతున్నాం. ఆ కేబుల్ చూసేది మా అత్తయ్య ఒక్కరే. సాయంత్రం దీపం పెట్టి ఆరున్నరకి టీవీ ముందు కూర్చుంటే తొమ్మిదిన్నర దాకా వరసగా సీరియళ్ళు. "అవే సీరియళ్ళు యాప్‌లో ఉన్నాయి కదమ్మా, ఒకే దానికి రెండుసార్లు డబ్బెందుకు?" అంటారు మావారు. "నంబరు నొక్కితే నా ఛానెల్ రావాలి, నాకింకేం అక్కర్లేదు" అంటారు అత్తయ్య.

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. నా బాధ ఇంకోటి. మొన్నమొన్నటి దాకా రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లోనే ఉండేవాళ్ళం. ఇప్పుడు మావారు బాల్కనీలో ఫోన్లో మ్యాచ్ పెట్టుకుంటారు, పాప గదిలో ట్యాబ్‌లో కొరియన్ డ్రామా, బాబు వాళ్ళ నాన్న లాప్‌టాప్‌లో ఇంకేదో. హాల్లో అత్తయ్య ఒక్కరే మిగిలారు. కేబుల్ కూడా తీసేస్తే ఆవిడకి అక్కడ కూడా పని లేకుండా పోతుంది.

తీసేసినవాళ్ళకి నిజంగా ఎంత మిగిలిందో చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు ఎలా సర్దుకున్నారో కూడా చెప్పండి.

నైట్‌షిఫ్ట్, గచ్చిబౌలి

మేం కేబుల్ తీసేసి చాలా కాలమైంది. కానీ డబ్బు మిగులుతుందని మాత్రం తీయకండి, మిగలదు.

నేను 2025లో కట్టింది చూడండి. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ నెలకి 199, ఏడాదికి 2,388. ప్రైమ్ 1,499. జియోహాట్‌స్టార్ ప్రీమియం ఇంకో 1,499. ఈ మూడే 5,386, అంటే నెలకి దాదాపు 450. ఆహా, ఈటీవీ విన్ కలిపితే ఇంకా పైకి. పైగా ఆ 199 ప్లాన్‌లో ఒకేసారి ఒక్క తెర మీదే చూడగలం. మీ ఇంట్లో అందరూ విడివిడిగా చూస్తున్నారంటే 499 ప్లాన్ అయినా తీసుకుని ఉంటారు. దానికే ఏడాదికి 5,988. ఇంకా, యాడ్స్ గోల తప్పుతుందనే కదా మనం డబ్బు కట్టింది. ప్రైమ్‌లో 2025 జూన్ నుంచి యాడ్స్ వస్తున్నాయి. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి.

మరి ఎందుకు తీసేశానంటే టైం కోసం. నాది అమెరికా షిఫ్టు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా టీవీలో అసలైన ప్రోగ్రాములన్నీ వచ్చేటప్పుడు నేను క్యాబ్‌లోనో ఆఫీసులోనో ఉంటాను. పెళ్ళైన కొత్తలో నేనూ మా ఆవిడా కలిసి టీవీ చూసిందే లేదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇద్దరం ఒక సిరీస్ మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లు చూస్తాం. ఈ ఊళ్ళో రాత్రి షిఫ్టుల మీద బతికే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మాలాంటి వాళ్ళకి టీవీ టైముకి మేం వెళ్ళాల్సిన పని తప్పింది, మా టైముకి అది వస్తోంది. యాప్‌లు ఇళ్ళని విడదీశాయని అందరూ అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. మా ఇంట్లో కలిపాయి.

కేబుల్‌వైరు, నాచారం

తార్నాక అక్కా, నేను కేబుల్ ఆపరేటర్ని. నా గిరాకీ కోసం చెప్తున్నా అనుకోకండి, లెక్క చెప్తా వినండి.

2019 ఫిబ్రవరికి ముందు ఆపరేటర్ ఏది ఇస్తే అది చూడాలి, గుండుగుత్తగా ఒక రేటు. ఆ నెల నుంచి ట్రాయ్ (ఫోన్, కేబుల్ చార్జీల మీద నియమాలు పెట్టే సర్కారు సంస్థ) పద్ధతి మార్చింది. బిల్లు రెండు ముక్కలైంది. మొదటిది కనెక్షన్ చార్జీ. అప్పట్లో వంద ఛానెళ్ళకి 130, పన్ను కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఆ 130 పరిమితిని 2024లో ఎత్తేశారు, కాబట్టి ఇప్పుడు ఆపరేటర్‌ని బట్టి అటూ ఇటూ ఉంటుంది. రెండోది మీరు ఎంచుకున్న పే ఛానెళ్ళ (డబ్బు కట్టి చూసేవాటి) ధర. ప్రతి ఛానెల్‌కి విడిగా రేటు ఉంది, కావాలంటే ఒక్కటే తీసుకోవచ్చు. 19 రూపాయలు దాటిన ఛానెల్‌ని బొకేలో, అంటే కొన్ని ఛానెళ్ళు కలిపి ఒకే రేటుకి ఇచ్చే కట్టలో, కలపనివ్వరు.

చాలామంది ఆ బొకేలో ఏముందో అసలు చూడరు. మీ 380లో స్పోర్ట్స్, హిందీ సినిమాలు, ఇంగ్లీషు, పిల్లల ఛానెళ్ళు అన్నీ ఉండి ఉంటాయి. అవి చూసేవాళ్ళంతా మీ ఇంట్లో యాప్‌లలోకి పోయారు కదా. అత్తమ్మకి కావలసింది తెలుగు ఎంటర్‌టైన్‌మెంట్ ఛానెళ్ళు నాలుగైదు, భక్తి, వార్తలు. తిరుమల వాళ్ళ ఎస్వీబీసీ ఫ్రీ, వార్తల్లో కూడా చాలావరకు ఫ్రీయే. మిగతావి తీయించేస్తే బిల్లు బాగా దిగుతుంది. తీసేయడమా ఉంచడమా అని రెండే దారులు లేవు అక్కా, తగ్గించుకోవడం అని ఒకటుంది. ఇది ఎవరూ అడగరు, మా వాళ్ళలో చాలామంది చెప్పరు.

ఇంకో మాట. 2013 మార్చిలో హైదరాబాద్‌లో సెట్ టాప్ బాక్స్ తప్పనిసరి చేసినప్పుడు ఇంటింటికీ తిరిగి బాక్సులు పెట్టి, ముసలివాళ్ళకి రిమోట్ నేర్పింది మేమే. ఇప్పుడు మా లైన్లో సగానికి సగం బాక్సులు వెనక్కి వచ్చాయి. కేబులే కాదు, డీటీహెచ్ (ఇంటి మీద డిష్ పెట్టుకునేది) కూడా అంతే. ట్రాయ్ లెక్కల్లోనే 2021 నాటికి 7 కోట్లకి దగ్గరగా ఉన్న కనెక్షన్లు 2025 మార్చికి 5.7 కోట్ల దాకా దిగాయి. నేను కూడా ఇప్పుడు బతుకుతున్నది ఎక్కువగా ఇంటర్నెట్ కనెక్షన్ల మీదే. అయినా చెప్తున్నా, యాప్‌లో ఏదైనా ఆగిపోతే మీ అత్తమ్మ ఎవరికి ఫోన్ చేస్తుంది? మా దగ్గరయితే ఒక మనిషి వస్తాడు.

చిక్కడపల్లి ప్రేక్షకుడు

నా మటుకు నాకు టీవీలో చచ్చిపోయింది పండగ సినిమా. ఒకప్పుడు సంక్రాంతికో దసరాకో "ఈ ఛానెల్‌లో మొట్టమొదటిసారి" అని పెద్ద సినిమా వేస్తే మధ్యాహ్నం వీధులన్నీ ఖాళీగా ఉండేవి. ఇప్పుడు సినిమా థియేటర్లో పడిన నాలుగు వారాలకే ఫోన్లోకి వస్తోంది. టీవీలో వేసేసరికి అందరూ చూసేసి ఉంటారు. ఛానెళ్ళు శాటిలైట్ హక్కులకి, అంటే సినిమాని టీవీలో వేసుకునే హక్కులకి, మునుపటిలా డబ్బు పెట్టకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఇదే తెలుగు సినిమా హిందీలో పెద్ద మల్టీప్లెక్సుల్లో ఆడాలంటే ఓటీటీలో (యాప్‌లలో) వేయడానికి ఎనిమిది వారాలు ఆగి తీరాలని ఆ మల్టీప్లెక్సుల వాళ్ళు అడుగుతారు. మనకి ఆ నియమం వర్తించట్లేదు. 2022 ఆగస్టులో మన నిర్మాతలు షూటింగులు ఆపేసి కూర్చున్నప్పుడు మాట్లాడుకున్న వాటిలో ఈ ఓటీటీ గడువు కూడా ఉంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మొదటి వారం తర్వాత సుదర్శన్ థియేటర్‌కో దేవి థియేటర్‌కో వెళ్ళి చూడండి, బాల్కనీలో ఎంతమంది ఉంటారో తెలుస్తుంది.

హాస్టల్‌గది, అమీర్‌పేట

అక్కా, మా గదిలో ఎవరికీ టీవీ లేదు, అందరం ఫోన్లలోనే. అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు, అందుకే రాస్తున్నా. తక్కువ ధర ప్లాన్లన్నీ ఫోన్‌కే పరిమితం. నెట్‌ఫ్లిక్స్ 149 ప్లాన్ టీవీలో రాదు. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసినప్పుడు పెట్టిన మూడు నెలల 149 ప్లాన్ కూడా ఒక్క ఫోన్‌లోనే. టీవీలో చూడాలంటే పై ప్లాన్‌కి ఎక్కువ కట్టాలి. అంటే డబ్బు తక్కువున్నవాళ్ళు ఒంటరిగా, చిన్న తెర మీద చూడాలని ధరలోనే రాసిపెట్టారు. కుర్రాళ్ళు ఫోన్లలో మునిగిపోయారని పెద్దవాళ్ళు తిడతారు గానీ, మా చేతిలో ఉన్న డబ్బుకి దొరికేది అదే.

మ్యాచ్ మాత్రం నేను ఫోన్లో చూడను. కింద మెస్‌లో కేబుల్ టీవీ ఉంది. ఐపీఎల్ రోజుల్లో పైన గదిలో వాళ్ళు యాప్‌లో చూస్తుంటారు, కింద మెస్‌లో కేక పడుతుంది. పైన ఇంకా బౌలర్ రన్నప్ మొదలుపెట్టి ఉండడు. యాప్‌లో వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, ఆగకుండా రావాలని ఫోన్ కొన్ని ముక్కలు ముందే దాచుకుంటుంది, అందుకే ఆలస్యం. వికెట్ పడిందని కింది నుంచి తెలిసిపోయాక ఆ బంతి చూసి ఏం లాభం? మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడి చూస్తేనే అది మ్యాచ్.

నైట్‌షిఫ్ట్, గచ్చిబౌలి

తమ్ముడూ, ఫోన్ ప్లాన్ల గురించి నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. 2023–27 ఐపీఎల్ హక్కుల వేలంలో దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లకి పోతే, డిజిటల్‌వి రెండు ప్యాకేజీలు కలిపి 23,758 కోట్లు పలికాయి. టీవీ కన్నా ఫోన్ ఎక్కువ పలికింది. 2023లో ఉచితంగా చూపించి అలవాటు చేసి, ఆ తర్వాత ప్లాన్ పెట్టారు. అంత పెట్టుబడి ఎవరో ఒకరి దగ్గర నుంచి రాబట్టుకోవాలి కదా.

పెద్దాయన, పద్మారావునగర్

అమ్మా, నా వయసు 74. మీ అత్తగారి పక్షాన నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

రామంతాపూర్ నుంచి 1977లో దూరదర్శన్ మొదలైనప్పుడు మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, ఇంటింటికీ కేబుల్ వచ్చింది. అప్పుడూ పెద్దవాళ్ళు లోకం పాడైపోతోందనే అన్నారు. కాబట్టి కొత్తది వచ్చిందని నేను భయపడను. నేను రోజూ యూట్యూబ్‌లో పాత కచేరీలు వింటాను. బాలమురళీకృష్ణ గారి కచేరీ నాకు కావలసిన వేళకి దొరకడం నా యౌవనంలో ఊహించుకోలేదు.

కష్టం ఎక్కడుందో చెప్తాను. కేబుల్ రిమోట్‌లో మూడు అంకెలు నొక్కితే ఛానెల్ వస్తుంది. ఆ అంకెలు వేళ్ళకి గుర్తుంటాయి, కళ్ళజోడు కూడా అక్కర్లేదు. యాప్ తెరవగానే "ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతుంది. మనవడి బొమ్మ, కోడలి బొమ్మ, నా బొమ్మ. నా బొమ్మ మీదికి వెళ్ళి నొక్కాలి. తర్వాత వరసలు వరసలుగా పోస్టర్లు. నిన్న రెండో వరసలో ఉన్న కార్యక్రమం ఇవాళ ఆరో వరసలోకి పోతుంది. వెతుకుదామంటే తెర మీద ఇంగ్లీషు అక్షరాల పలక వస్తుంది. బాణం గుర్తుతో ఒక్కో అక్షరం దగ్గరికి నడిపించుకుంటూ పోవాలి. ఎ నుంచి ఎస్‌కి వెళ్ళాలంటే ఎన్నిసార్లు నొక్కాలో మీరే చూడండి. ఒకటి దాటిపోతే వెనక్కి రావాలి. తెలుగు పేరుని ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాశారో ఊహించుకోవాలి. ఇంతలో లాగౌట్ అయిపోతే ఓటీపీ అబ్బాయి ఫోన్‌కి పోతుంది. అబ్బాయి ఆఫీసులో మీటింగులో ఉంటాడు.

ఇవన్నీ నేర్చుకోలేనివి కావు, నేను నేర్చుకున్నాను. కానీ మనిషి పక్కన కూర్చుని, విసుక్కోకుండా నేర్పాలి. నా మనవరాలు నేర్పింది. రిమోట్ మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో పేరు చెబితే వెతుకుతుందని చూపించింది. దానితో సగం బాధ తీరింది. మీ అత్తగారికి ముందు ఆ మైకు నేర్పండి. ఇంకోటి, చాలా స్మార్ట్ టీవీల్లో ఆన్ చేయగానే ఏది రావాలో సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. కేబుల్ బాక్స్ వైరు గుచ్చిన హెచ్‌డీఎంఐ పోర్టుని అక్కడ పెట్టేస్తే ఆవిడకి యాప్‌ల పేజీ కనపడనే కనపడదు. టీవీ పెట్టగానే ఛానెల్ వస్తుంది.

తార్నాకమ్మాయి

బాబాయ్ గారూ, ఆ సెట్టింగ్ ఇప్పుడే వెతికి పెట్టాను, పనిచేసింది. చాలా సంతోషం. మైకు సంగతి పాపకి అప్పజెప్తాను.

సీరియల్‌రైటర్, యూసఫ్‌గూడ

నేను డైలీ సీరియళ్ళకి మాటలు రాస్తాను. మీ అత్తయ్యగారు ఆరున్నర నుంచి చూసేవాటిలో ఒకటి నాది అయ్యే అవకాశం ఉంది, కాబట్టి నాకూ ఇది ఇంటి విషయమే.

సీరియల్‌లో చెప్పిందే చెప్తారని అందరూ అంటారు. అలా ఎందుకు రాస్తామో చెప్తాను. రాత్రి ఏడింటికి టీవీ హాల్లో ఉంటుంది, చూసే ఆవిడ వంటింట్లో ఉంటుంది. పోపు వేస్తూ, చపాతీ కాలుస్తూ చెవితో సీరియల్ చూస్తుంది. తెర మీద ఉత్తరం చూపిస్తే ఆవిడకి తెలియదు. అందుకని పాత్ర ఆ ఉత్తరాన్ని పైకి చదవాలి. ఎవరైనా తలుపు తీసుకుని లోపలికొస్తే, "ఏంటి వదినా, ఈ వేళప్పుడు వచ్చావు?" అని ఇంకో పాత్ర అనాలి, అప్పుడే వచ్చింది వదిన అని వంటింట్లోకి తెలుస్తుంది. మాకు ఇది మొదటి పాఠం. తెర ఆపేసి వింటే కథ అర్థం కావాలి.

ఇప్పుడు సాయంత్రం టీవీలో రావలసిన ఎపిసోడ్ డబ్బు కట్టినవాళ్ళకి పొద్దున్నే యాప్‌లోకి వచ్చేస్తోంది. మెట్రోలో నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసే అమ్మాయి కళ్ళు తెర మీదే ఉంటాయి. ఆమెకి ఉత్తరం చదివి వినిపిస్తే విసుగు, పది సెకన్లు ముందుకి జరిపేస్తుంది. ఇద్దరికీ ఒకే ఎపిసోడ్. మాటలు తగ్గించమని ఒక పక్క, పెంచమని ఇంకో పక్క. నిజం చెప్పాలంటే ఈ ఒత్తిడి వల్ల మా రాత కొంచెం బాగుపడింది కూడా. అనవసరమైన సాగతీత యాప్‌లో తేలిగ్గా బయటపడుతుంది.

అయినా మా బతుకు ఇప్పటికీ గురువారం వచ్చే రేటింగుల మీదే. టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ మీటర్లు దేశమంతా కలిపి 58,000 ఇళ్ళ దాకా ఉంటాయి. ప్రసారంలోని ధ్వనిలో చెవికి వినపడని ఒక గుర్తు కలిపి పంపుతారు, మీటరు దాన్ని పట్టుకుని ఏ ఛానెల్ నడుస్తోందో రాసుకుంటుంది. టీవీ సెట్టు మీద ఛానెల్‌లో చూస్తేనే ఆ లెక్కలోకి వస్తుంది. పొద్దున్నే ఫోన్లో చూసేసిన అమ్మాయి సాయంత్రం టీవీ పెట్టదు, ఆ ఇల్లు రేటింగులో కనపడదు. జనం చూస్తున్నా సీరియల్ పడిపోయినట్టే లెక్క. యాప్‌లో ఎంతమంది చూశారో యాప్ వాళ్ళకి తెలుసు, రాసేవాళ్ళ దాకా అది రాదు. లైట్‌బాయ్ నుంచి ఆర్టిస్టు దాకా ఈ కృష్ణానగర్, యూసఫ్‌గూడ గల్లీల్లో ఎన్ని ఇళ్ళు ఆ గురువారం అంకె మీద నడుస్తున్నాయో తలుచుకుంటే టెన్షన్‌గానే ఉంటుంది.

మియాపూర్ నాన్న

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. టీవీలో రాత్రి తొమ్మిదికి ఏం వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. ట్యాబ్‌లో మా వాడు ఏం చూస్తున్నాడో నేను వెనక నుంచి తొంగి చూస్తే తప్ప తెలియదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సిరీస్‌కీ వయసు గుర్తు ఉండాలి. అందరికీ, ఏడు దాటినవాళ్ళకి, పదమూడు దాటినవాళ్ళకి, పదహారు దాటినవాళ్ళకి, పెద్దలకి అని. పదమూడు ఆ పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు ఇవ్వాలి. వీలైతే ఉంది, మనం వేస్తేనే పని చేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో అడిగితే పిన్ పెట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

మేం ఫోన్లలో, ట్యాబ్‌లో యాప్‌లన్నీ తీసేశాం. చూసేదేదైనా హాల్లో టీవీలోనే. మొదట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఇప్పుడు ఏది చూడాలో వంతులు పెట్టుకుంటారు. ఒక ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతట అదే మొదలయ్యే ఆటోప్లే కూడా సెట్టింగ్స్‌లో ఆపేశాను. పడుకునే టైం దానివల్లే చాలా మారింది. ఈ చిన్న మార్పు అందరూ చేసుకోండి.

మౌనరాగం, హబ్సిగూడ

నా కూతురికి పుట్టుకతో వినపడదు. తొమ్మిదో తరగతి చదువుతోంది. మీ చర్చ మొత్తం చదివాను. మా వైపు నుంచి కూడా ఒక మాట ఉండాలని రాస్తున్నాను.

మా ఇంట్లో టీవీ చూడటమంటే పాప మా ముఖాలు చూడటం. మేం నవ్వితే ఎందుకు నవ్వారని సైగ చేసేది. నేను చేతులతో చెప్పేలోపు తర్వాతి సీను వచ్చేసేది. తెలుగు ఛానెళ్ళలో కింద అక్షరాలు రావు. సీరియల్‌లో అయితే గంటసేపు పెదాలు కదలడమే కనిపిస్తుంది దానికి. యాప్‌లు వచ్చాక చాలా సినిమాలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, కొన్నిటికి తెలుగులోనే సబ్‌టైటిల్స్ వస్తున్నాయి. మొదటిసారి తెలుగు అక్షరాలతో ఒక కామెడీ సినిమా పెట్టినప్పుడు మా అందరికన్నా ముందు అదే నవ్వింది. డైలాగ్ నటుడు పూర్తిగా చెప్పకముందే అక్షరాలు పడతాయి కదా. ఆ రోజు ఎందుకు నవ్వావని మేమే దాన్ని అడిగాం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎలక్ట్రానిక్ మీడియాకి సబ్‌టైటిల్స్, సైన్ లాంగ్వేజ్ ఉండేలా చూడాలని స్పష్టంగా ఉంది. అయినా మన తెలుగు ఛానెళ్ళలో రోజూ వచ్చే కార్యక్రమాలకి అది ఇంకా రాలేదు. రైటర్ గారూ, స్క్రిప్టు మీ దగ్గర ముందే టైపు చేసి ఉంటుంది కదా, అది తెర మీదికి రావడానికి అడ్డం ఏమిటి?

తార్నాక గారూ, మీ అత్తయ్యగారికి వయసు మీద పడి వినికిడి కొంచెం తగ్గి ఉండొచ్చు. టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నారా అని ఒకసారి గమనించండి. ఆవిడ తెలుగు చదువుతారు కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న సినిమా ఒకటి పెట్టి చూడండి.

సీరియల్‌రైటర్, యూసఫ్‌గూడ

అమ్మా, సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. సాంకేతికంగా అడ్డం ఏమీ లేదు. మేం సీన్ రాసేది చాలాసార్లు షూటింగ్ రోజు పొద్దున. సెట్‌లో మాటలు మారతాయి, డబ్బింగ్‌లో ఇంకోసారి మారతాయి. ఎపిసోడ్ రేపు ప్రసారం అనగా ఇవాళ రాత్రి ఎడిట్ అవుతుంది. చివరి మాటలు విని అక్షరాలు వేయడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషి జీతం బడ్జెట్‌లో లేదు. ఎవరూ అడగట్లేదు కాబట్టి లేదు. ఈసారి మీటింగులో నేను అడుగుతాను. కనీసం యాప్‌లో పెట్టే ఎపిసోడ్‌కైనా వేయించమని.

బ్యాంకుద్యోగి, సికింద్రాబాద్

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇవే ఎక్కువ. ట్రయల్ అని కార్డు ఇస్తారు, మర్చిపోతారు, ఏడాది మొత్తం ఒకేసారి పోతుంది. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు కోసే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి, అందులోనే ఆపుకునే దారి ఉండాలి. ఆ మెసేజ్ చదవకుండా తుడిచేయకండి. యూపీఐతో కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటుంటుంది. ఏయే యాప్‌లకి అనుమతిచ్చారో అన్నీ అక్కడ కనపడతాయి, అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

నైట్‌షిఫ్ట్, గచ్చిబౌలి

దీనికి నేను ఇప్పుడు చేసేది చెప్తాను. నాలుగూ ఏడాది పొడుగునా ఉంచుకోను. ఒక నెల ఒకటి, అందులో చూడాలనుకున్నవి చూసేసి ఆపేసి, తర్వాతి నెల ఇంకోటి. ఏడాది ప్లాన్ చవకని వాళ్ళు ఊరిస్తారు గానీ, ఏడాదంతా చూసేది ఏదో ఒకటే ఉంటుంది.

కేబుల్‌వైరు, నాచారం

ఒకటి అడుగుతా, అందరూ ఆలోచించండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. చాలా ఘోరం. ఆ తర్వాత విద్యుత్ సంస్థ వాళ్ళు ఊరంతా స్తంభాల మీది కేబుళ్ళు కోసుకుంటూ పోయారు. ప్రాణాల కన్నా ఏదీ ఎక్కువ కాదు, వేలాడే వైర్లు తీయాల్సిందే, అందులో మా వాళ్ళు వదిలేసిన పాత వైర్లు కూడా ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో కేబుల్ బందైంది, ఇంటర్నెట్ కూడా బందైంది, ఎందుకంటే రెండూ ఒకే స్తంభం మీద పోతాయి. యాప్ పెట్టుకుంటే వైరు గొడవ ఉండదనుకుంటారు జనం. మీ యాప్ కూడా మా వైరు మీదే వస్తోంది. భూమి కింద డక్టులు (వైర్లు పోయే గొట్టాలు) వేయకుండా ఈ ఊళ్ళో ఏదీ నిలకడగా రాదు.

తార్నాకమ్మాయి

అందరికీ పేరుపేరునా చెప్పలేను గానీ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్.

ఇవాళ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. కేబుల్ ఉంటుంది, కానీ తెలుగు ఛానెళ్ళు, భక్తి, ఫ్రీ ఛానెళ్ళు మాత్రమే. నాలుగు యాప్‌ల బదులు రెండు, అవి కూడా వంతులవారీగా. పాప ఒప్పుకోలేదు, కొరియన్ డ్రామా ఉన్న యాప్ మాత్రం ఉంచాలని పట్టుబట్టింది, ఉంచాం. ట్యాబ్‌లో యాప్ తీసేసి హాల్లో టీవీలోనే చూడాలన్నది మియాపూర్ అన్నయ్యగారి సలహా. తొమ్మిదిన్నరకి అత్తయ్య సీరియళ్ళయ్యాక టీవీ పాపది. మావారు మ్యాచ్ విషయంలో ఇంకా దిగిరాలేదు.

మౌనరాగం గారూ, మీరన్నది నిజమే. సౌండ్ ఎక్కువ పెడుతున్నారని పిల్లలు విసుక్కోవడమే గానీ ఎందుకని మేమెవరం అడగలేదు. వచ్చే వారం చెవి డాక్టర్‌కి చూపిస్తున్నాం.

కేబుల్ అన్నా, మా ఆపరేటర్‌ని అడిగితే ప్యాకేజీ మార్చడం కుదరదు, మొత్తం తీసుకోవాల్సిందే అంటున్నారు. ఏం చేయాలి?

కేబుల్‌వైరు, నాచారం

కుదరదనడానికి వీల్లేదు అక్కా. ఛానెల్ విడిగా తీసుకోవడం మీ హక్కు. మీ రసీదు మీద సబ్‌స్క్రైబర్ నంబరు, మీ ఆపరేటర్‌కి సిగ్నల్ ఇచ్చే పై కంపెనీ కస్టమర్ కేర్ నంబరు ఉంటాయి. నేరుగా అక్కడికి ఫోన్ చేసి కావలసిన ఛానెళ్ళ పేర్లు చెప్పండి, వద్దన్నవి తీసేయమనండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఆ నంబరు మీ ఆపరేటర్‌కి చెప్తే తర్వాత ఆయనే చేసిపెడతాడు. జాబితా రాసేటప్పుడు అత్తమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి, మధ్యాహ్నం పూట చూసే పాత సినిమాల ఛానెల్ మర్చిపోతారు చాలామంది.